విత్తన సంచి వెనుక విశ్వవిద్యాలయం
వ్యవసాయ విశ్వవిద్యాలయ ప్రాంగణాలు, పరిశోధనా క్షేత్రాల సందర్శనలో చూడవలసినవి, అడగవలసినవి

ప్రత్యేక వ్యాసం

తొలకరి పడిన వెంటనే రైతు తీసుకునే మొదటి నిర్ణయం విత్తనం. ఎరువు తక్కువైతే మరో దఫా వేసుకోవచ్చు. పురుగు కనిపిస్తే మందు చల్లవచ్చు. విత్తనం విషయంలో పొరపాటు జరిగితే మాత్రం ఆ పంటకాలం ముగిసేవరకు దిద్దుకునే అవకాశం ఉండదు. మొలక రాకపోతే వారం రోజులలో తెలుస్తుంది. కేళీలు కలిసిన సంగతి పొట్ట దశ దాటి కంకి బయటపడిన తరువాత గాని తెలియదు. అప్పటికి పెట్టుబడి యావత్తూ పొలంలో చేరి ఉంటుంది.

ఇంతటి ప్రాధాన్యం గల విత్తనం ఎక్కడ పుడుతుంది, ఎన్ని పరీక్షలు దాటి దుకాణానికి చేరుతుంది అనే అంశం సాధారణ ప్రజలకు కనిపించేది కాదు. వ్యవసాయ విశ్వవిద్యాలయాలు కిసాన్ మేళాలు, క్షేత్ర దినోత్సవాలు, విద్యార్థుల విజ్ఞాన యాత్రల సందర్భంగా తమ ప్రాంగణాల తలుపులు తెరుస్తున్నప్పటికీ, సందర్శకులలో అధికులు ప్రదర్శనశాలలోని దుకాణాలను, రంగుల పటాలను చూసి తిరిగి వెళుతున్నారు. అసలు పని జరిగే చోట్లు వేరు. సంకరణ గదులు, తెగుళ్ల నర్సరీలు, కంకి వరుసల మళ్లు, మొలక పరీక్షా గదులు, మట్టి నమూనాల అరలు చూసినప్పుడే సందర్శన ప్రయోజనం నెరవేరుతుంది. రైతు బృందాలను తీసుకువెళ్లే అధికారులకు, ఈ కేంద్రాల గురించి వార్తలు వ్రాసే పాత్రికేయులకు ఉపయోగపడే విధంగా ఆ వివరాలు ఈ వ్యాసంలో పొందుపరచబడినవి.

నూరేళ్లకు పైబడిన నేపథ్యం

తెలుగు నేలపై వ్యవసాయ పరిశోధన విశ్వవిద్యాలయాల కంటే ముందే మొదలైనది. నాటి మద్రాసు రాష్ట్రంలో సామర్లకోట కేంద్రం 1902లో, నంద్యాల కేంద్రం 1906లో, చెరకు పరిశోధనకు పేరొందిన అనకాపల్లి కేంద్రం 1913లో ఏర్పడినవి. గుంటూరు సమీపంలోని లాం ఫారం 1922లోను, పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు వరి పరిశోధనా కేంద్రం 1925లోను ప్రారంభమైనవి. బాపట్లలో వ్యవసాయ కళాశాల 1945లో నెలకొల్పబడినది. 

దేశంలో మొట్టమొదటి వ్యవసాయ విశ్వవిద్యాలయం 1960లో పంత్‌నగర్‌లో అవతరించింది. అనంతరం 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం హైదరాబాద్‌లోని రాజేంద్రనగర్ కేంద్రంగా ఏర్పడగా, 1965 మార్చి 20న నాటి ప్రధానమంత్రి శ్రీ లాల్ బహదూర్ శాస్త్రి లాంఛనంగా ప్రారంభించారు. బోధన, పరిశోధన, విస్తరణ అనే మూడు బాధ్యతలు ఒకే సంస్థలో ఉండాలనేది ఈ విశ్వవిద్యాలయాల మౌలిక సూత్రం. పాఠం చెప్పే ఆచార్యుడే మడిలో దిగి వంగడాన్ని పరిశీలిస్తాడు. అదే శాస్త్రవేత్త రైతు సదస్సులో ప్రశ్నలకు సమాధానం చెబుతాడు.

1996లో ఈ విశ్వవిద్యాలయానికి రైతు ఉద్యమ నాయకుడు ఆచార్య ఎన్.జి.రంగా పేరు పెట్టబడినది. 2005లో తిరుపతి కేంద్రంగా శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం, 2007లో వెంకట్రామన్నగూడెం కేంద్రంగా ఉద్యాన విశ్వవిద్యాలయం వేరుగా ఏర్పడినవి. 2014లో రాష్ట్ర విభజన తరువాత రాజేంద్రనగర్ ప్రాంగణం తెలంగాణ విశ్వవిద్యాలయానికి కేంద్రమై ప్రొఫెసర్ జయశంకర్ పేరిట నడుస్తున్నది. ఆచార్య ఎన్.జి.రంగా విశ్వవిద్యాలయం గుంటూరు సమీపంలోని లాం నుంచి పనిచేస్తున్నది. 

ఈ చరిత్ర సందర్శన ఏర్పాటు చేసే అధికారికి ఆచరణలో అవసరమవుతుంది. వరి, పత్తి, అపరాలు, నూనెగింజల విషయమై వ్యవసాయ విశ్వవిద్యాలయాన్ని, మామిడి, మిరప, కూరగాయల విషయమై ఉద్యాన విశ్వవిద్యాలయాన్ని, పాడి పశువులు, కోళ్ల విషయమై పశువైద్య విశ్వవిద్యాలయాన్ని సంప్రదించవలసి ఉంటుంది. మామిడి రైతులను వరి క్షేత్రానికి తీసుకువెళితే ఆ రోజు వారికి విహారయాత్రగానే మిగిలిపోతుంది.

పేరులోనే చిరునామా

వరి వంగడాలను రైతులు అంకెలతో పిలవడం పరిపాటి. ఆ అంకెల ముందు ఉండే ఇంగ్లీషు అక్షరాలు వంగడం పుట్టిన కేంద్రాన్ని సూచిస్తాయి. ఎం.టి.యు. అనగా మార్టేరు, బి.పి.టి. అనగా బాపట్ల, ఎన్.ఎల్.ఆర్. అనగా నెల్లూరు, ఆర్.ఎన్.ఆర్. అనగా రాజేంద్రనగర్, జె.జి.ఎల్. అనగా జగిత్యాల, డబ్ల్యు.జి.ఎల్. అనగా వరంగల్, కె.ఎన్.ఎం. అనగా కూనారం.

స్వర్ణగా ప్రసిద్ధి చెందిన ఎం.టి.యు.7029 మార్టేరు కేంద్రం నుంచి 1982లో విడుదలైనది. తూర్పు భారత రాష్ట్రాలలో సైతం లక్షల ఎకరాలలో సాగైన ఈ వంగడానికి వరద ముంపును తట్టుకునే జన్యువును జోడించి రూపొందించిన స్వర్ణ సబ్-1 రకం 2009లో మన దేశంలో విడుదల చేయబడినది. సన్నబియ్యానికి మారుపేరైన సాంబమసూరి, అనగా బి.పి.టి.5204, బాపట్ల కేంద్రం నుంచి 1986లో వచ్చినది. అన్నం రుచికి సాటిలేని ఈ రకానికి అగ్గితెగులును, బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకునే శక్తి తక్కువ. హైదరాబాద్‌లోని సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీ, వరి పరిశోధనా డైరెక్టరేట్ శాస్త్రవేత్తలు ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులను దీనిలో చేర్చి అభివృద్ధిపరచిన సాంబమసూరిని 2008లో అందించారు. తెలంగాణ సోనాగా పిలవబడే ఆర్.ఎన్.ఆర్.15048 రాజేంద్రనగర్ వరి పరిశోధనా కేంద్రం నుంచి 2015లో విడుదలైనది. సాంబమసూరి సుమారు 150 రోజుల పంట కాగా, ఇది సుమారు 125 రోజులలో కోతకు వస్తుంది. 

మొదటి మజిలీ: సంకరణ గది

కొత్త వంగడానికి తొలి అడుగు రెండు మొక్కల కలయిక. వరి పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి. అది తన పుప్పొడితోనే ఫలదీకరణ చెందుతుంది. కాబట్టి తల్లిగా ఎంచుకున్న మొక్క కంకిలోని ఒక్కొక్క పువ్వు పైభాగాన్ని చిన్న కత్తెరతో కత్తిరించి, లోపలి ఆరు పుప్పొడి తిత్తులను పట్టుకారుతో తొలగిస్తారు. ఈ పని సాయంకాలం గాని, తెల్లవారుజామున గాని, పువ్వు విచ్చుకోకముందే పూర్తికావాలి. ఆ కంకికి పలుచని కాగితపు సంచి తొడిగి, మరునాటి ఉదయం తండ్రి మొక్క పూత వేళకు దాని పుప్పొడిని దీనిపై దులుపుతారు. సంచిపై తల్లిదండ్రుల వివరాలు, తేదీ వ్రాస్తారు.

ఇరవై అయిదు, ముప్పయి రోజుల తరువాత ఆ కంకిలో కొన్ని గింజలు మాత్రమే నిండుతాయి. పువ్వు పైభాగాన్ని కత్తిరించిన కారణంగా వాటి పొట్టు సగమే ఉండి, బియ్యపు గింజ బయటకు కనిపిస్తూ ఉంటుంది. ఒక గుప్పెడు కూడా నిండని ఆ గింజలే భవిష్యత్తులో లక్షల ఎకరాలలో సాగు కాగల వంగడానికి ఆధారం. సందర్శకులకు ఆ సగం పొట్టు గింజను అరచేతిలో పెట్టి చూపితే, గంటసేపు ఉపన్యాసం చెప్పవలసిన పని ఉండదు.

మొదటి తరం మొక్కలు ఒకే తీరుగా ఉంటాయి. రెండవ తరంలో ఎత్తు, కాలపరిమితి, గింజ సైజు ఎక్కడికక్కడ విడిపోతాయి. వేలాది మొక్కలలో మంచివాటిని ఏరి, వాటి విత్తనాన్ని మరల వేసి, ఆరేడు తరాలపాటు వడపోసిన తరువాత గుణాలు స్థిరపడతాయి. సంకరణ మొదలుకొని విడుదల వరకు సాధారణంగా పది, పన్నెండేళ్లు పడుతుంది.

రెండవ మజిలీ: ఎండిపోయిన మడి

పరిశోధనా క్షేత్రంలో తెగుళ్ల నర్సరీని చూసిన కొత్తవారు విశ్వవిద్యాలయం తన పంటనే కాపాడుకోలేకపోయిందని భావించే ప్రమాదం ఉన్నది. అక్కడి పంట కావాలనే తెగులుకు గురిచేయబడుతుంది. అగ్గితెగులు నర్సరీలో పరీక్షించవలసిన రకాలను వరుసలుగా వేసి, వాటి చుట్టూ, మధ్యన తెగులును తట్టుకోలేని రకాన్ని విత్తుతారు. నత్రజని మోతాదుకు మించి వేస్తారు. ఆకులు తడిగా ఉండేటట్లు నీటి తుంపరలు పడనిస్తారు. ముందుగా చుట్టూ ఉన్న బలహీన రకం మాడి, తెగులును లోపలి వరుసలకు వ్యాపింపజేస్తుంది. అంతటి ఒత్తిడిలోను పచ్చగా నిలిచిన వరుస కోసమే శాస్త్రవేత్తల అన్వేషణ.

సుడిదోమ పరీక్షా గృహంలోను పద్ధతి ఇదే. దోమలను ప్రత్యేకంగా పెంచి, ట్రేలలో మొలిచిన లేత నారుపై వదులుతారు. ప్రతి ట్రేలోను తైచుంగ్ నేటివ్-1 అనే సుడిదోమకు లొంగే రకాన్ని తప్పక ఉంచుతారు. ఆ రకం మొక్కలు చనిపోయిన వేళకు మిగిలిన రకాల పరిస్థితిని సున్నా నుంచి తొమ్మిది వరకు మార్కులతో నమోదు చేస్తారు. ఇక్కడ తక్కువ మార్కు వచ్చిన రకమే మేలైనది. లొంగే రకం చనిపోకపోతే దోమల ఒత్తిడి చాలలేదని అర్థం. ఆ పరీక్ష లెక్కలోకి రాదు.

పాత్రికేయులు ఈ అంశాన్ని ప్రత్యేకంగా గమనించవలసి ఉన్నది. ఎండిన మడి ఛాయాచిత్రం సరైన వివరణ లేకుండా ప్రచురితమైతే, తెగుళ్లను తట్టుకునే విత్తనం కోసం జరిగే కృషి నిర్లక్ష్యంగా పాఠకులకు చేరుతుంది.

మూడవ మజిలీ: పోటీ పరీక్షలు

ఒక కేంద్రంలో బాగా పండిన రకం వేరొక నేలలో అదే దిగుబడి ఇస్తుందన్న హామీ లేదు. అందుచేత స్థిరపడిన వంగడాలను పలు ప్రాంతాలలో, పలు సంవత్సరాలు పరీక్షిస్తారు. వరికి సంబంధించి అఖిల భారత సమన్వయ పరిశోధనా పథకం 1965 నుంచి హైదరాబాద్ కేంద్రంగా నడుస్తున్నది. ప్రతి ప్రయోగంలోను అప్పటికే రైతులు సాగు చేస్తున్న మేలైన రకాన్ని సరిపోల్చే రకంగా పక్కనే వేస్తారు. నేలలోని హెచ్చుతగ్గుల ప్రభావం పడకుండా ఒక్కొక్క రకాన్ని మూడు, నాలుగు చోట్ల పునరావృతం చేస్తారు. తరువాత రైతుల పొలాలలో చిరుసంచుల ద్వారా పరీక్ష జరుగుతుంది. రైతుకు నచ్చని రకం శాస్త్రపరంగా ఎంత గొప్పదైనా ముందుకు సాగదు. గింజ రాలిపోవడం, చేను పడిపోవడం, మిల్లులో నూక ఎక్కువ కావడం వంటి లోపాలు ఈ దశలోనే బయటపడతాయి.

ఈ పరీక్షలన్నీ నెగ్గిన రకాన్ని సంబంధిత కమిటీలు పరిశీలించి విడుదలకు సిఫార్సు చేస్తాయి. 1966 నాటి విత్తన చట్టం 5వ సెక్షన్ క్రింద నోటిఫై చేయబడిన రకాలకు మాత్రమే ధృవీకరణ లభిస్తుంది.

నాలుగవ మజిలీ: కంకి వరుసలు, ట్యాగు రంగులు

విడుదలతో విశ్వవిద్యాలయం పని ముగియదు. వంగడం స్వచ్ఛతను ఏటేటా కాపాడటం మరింత ఓర్పుతో కూడిన పని. ఇందుకుగాను రకం లక్షణాలు సంపూర్ణంగా ఉన్న కంకులను ఎంపిక చేసి, ఒక్కొక్క కంకి గింజలను ఒక్కొక్క వరుసగా నాటుతారు. వరుసలో ఒక్క మొక్క తేడాగా కనిపించినా ఆ మొక్కను మాత్రమే పీకివేయడంతో సరిపెట్టరు. వరుస మొత్తాన్ని తొలగిస్తారు. మిగిలిన వరుసల నుంచి వచ్చేది కేంద్రక విత్తనం. దాని నుంచి మూల విత్తనం, అనగా బ్రీడర్ విత్తనం, దాని నుంచి ఫౌండేషన్ విత్తనం, దాని నుంచి సర్టిఫైడ్ విత్తనం ఉత్పత్తి అవుతాయి. 

ఈ దశలను రైతు గుర్తించడానికి ట్యాగు రంగు ఆధారం. బ్రీడర్ విత్తనానికి బంగారు పసుపు, ఫౌండేషన్ విత్తనానికి తెలుపు, సర్టిఫైడ్ విత్తనానికి నీలం రంగు ట్యాగు ఉంటుంది. ఉత్పత్తిదారు తన బాధ్యతపై నాణ్యతను ప్రకటించి అమ్మే విత్తనానికి లేత ఆకుపచ్చ లేబుల్ వాడతారు. ఇక్కడ ఒక భేదాన్ని గుర్తించడం అవసరం. ధృవీకరణ చేయించుకోవడం ఉత్పత్తిదారు ఇష్టంపై ఆధారపడినది. నోటిఫై చేసిన రకానికి కనీస మొలక శాతం, స్వచ్ఛత వివరాలతో లేబుల్ వేయడం మాత్రం చట్టరీత్యా తప్పనిసరి.

వరి సర్టిఫైడ్ విత్తనానికి భౌతిక స్వచ్ఛత కనీసం 98 శాతం, మొలక కనీసం 80 శాతం ఉండాలి. తేమ సాధారణ సంచులలో 13 శాతానికి మించరాదు. విత్తన క్షేత్రానికి ఇతర వరి పొలాలకు మధ్య కనీసం 3 మీటర్ల దూరం పాటించాలి. పొలంలో కేళీలు సర్టిఫైడ్ విత్తనానికి 0.20 శాతం, ఫౌండేషన్ విత్తనానికి 0.05 శాతం మించరాదు. అనగా ఫౌండేషన్ క్షేత్రంలో పదివేల మొక్కలకు అయిదు కేళీలకు మించి ఉండకూడదు. పూత దశలోను, కోతకు ముందు మడిమడీ తిరిగి కేళీలను ఏరే కూలీల కంటిచూపుపైనే ఈ ప్రమాణం చివరకు ఆధారపడి ఉన్నది. ఆకు రంగు, కంకి వంపు, గింజ కొసలోని సూక్ష్మమైన తేడాను గుర్తించగల అనుభవజ్ఞులైన క్షేత్ర కార్మికులతో మాట్లాడే అవకాశం సందర్శకులకు కల్పించడం ఎంతైనా మేలు. 

అయిదవ మజిలీ: మొలక గది

విత్తన పరీక్షా ప్రయోగశాలలో కనిపించే సామగ్రి ఆర్భాటమైనది కాదు. తడిపిన కాగితపు చుట్టలు, ఉష్ణోగ్రత, తేమ నియంత్రించబడిన గది, లెక్కపెట్టే బల్ల మాత్రమే ఉంటాయి. ప్రతి నమూనా నుంచి 400 గింజలను, నూరేసి చొప్పున నాలుగు భాగాలుగా తడి కాగితాలలో పేర్చి చుడతారు. వరి విషయంలో అయిదవ రోజున తొలి లెక్క, పద్నాలుగవ రోజున తుది లెక్క తీస్తారు. వేరు, మొలక రెండూ సవ్యంగా ఉన్న మొక్కలనే లెక్కలోకి తీసుకుంటారు. వంకరపోయినవి, కుళ్లినవి మొలకెత్తినప్పటికీ లెక్కలోకి రావు.

కొత్తగా కోసిన వరి గింజలకు కొంతకాలం నిద్రావస్థ ఉంటుంది. ఆ కాలంలో మంచి విత్తనం కూడా మొలకెత్తకపోవచ్చు. ఈ సంగతి తెలియక విత్తనం నకిలీదని ఆరోపించిన సందర్భాలలో రైతుకు, అమ్మకందారుకు మధ్య అనవసర వివాదాలు తలెత్తుతాయి. అదే విధంగా, నిల్వలో తేమ తగిలి నిజంగా చెడిపోయిన విత్తనాన్ని నిద్రావస్థ పేరుతో సమర్థించుకునే వీలు కూడా ఉన్నది. ఈ రెండింటి మధ్య తేడాను ప్రయోగశాల తేల్చగలదు. విత్తడానికి పది, పదిహేను రోజుల ముందే నూరు గింజలను తడి గోనెగుడ్డలో చుట్టి ఇంటివద్ద మొలక చూసుకునే పద్ధతిని సందర్శకులకు అక్కడే చేయించి చూపించవచ్చు. ఖర్చు లేని ఈ పరీక్ష ఎకరం పెట్టుబడిని కాపాడగలదు.

ఆరవ మజిలీ: మట్టి నమూనాల అరలు

భూసార పరీక్షా కేంద్రంలో యంత్రాలకంటే ముందు చూడవలసినది నమూనాల అర. వందలాది చిన్న సంచులు, ప్రతి సంచిపై రైతు పేరు, గ్రామం, సర్వే నంబరు వ్రాసిన చీటీ ఉంటాయి. ఆ చీటీ తడిసి చెరిగిపోయినా, ఒకటి మరొక సంచిలో పడినా, ఒకరి పొలానికి వేరొకరి సిఫార్సు చేరుతుంది. యంత్రం ఎంత ఖచ్చితమైనదైనా ఆ పొరపాటును పట్టుకోలేదు. నమూనా సేకరణలోనూ జాగ్రత్త అవసరం. పొలంలో ఎనిమిది, పది చోట్ల ఇంగ్లీషు అక్షరం ‘వి’ ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, పక్కల నుంచి మట్టిని గీకి, కలిపి, నాలుగు భాగాలుగా చేసి ఎదురెదురు భాగాలు తీసివేస్తూ అరకిలో మిగిలేవరకు తగ్గించాలి. గట్ల పక్కన, చెట్ల నీడన, పెంటకుప్పలు వేసిన చోట మట్టి తీయరాదు. 2015 ఫిబ్రవరి 19న ప్రారంభమైన భూసార ఆరోగ్య కార్డుల పథకంలో 12 అంశాలపై ఫలితాలు ఇవ్వడం జరుగుతుంది. ఆ ఫలితాల విలువ నమూనా తీసిన చేతిపై, చీటీ వ్రాసిన చేతిపై ఆధారపడి ఉంటుంది.

విద్యార్థులకు కనిపించవలసిన విశ్వవిద్యాలయం

గ్రామీణ పాఠశాలల విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు వ్యవసాయ విద్య అనగా తాము రోజూ చేసే పనినే మరల చదువుకోవడమనే అభిప్రాయం ఉండవచ్చు. ప్రాంగణాన్ని సందర్శించినప్పుడు జన్యుశాస్త్రం, కీటకశాస్త్రం, మృత్తికాశాస్త్రం, వ్యవసాయ ఆర్థికశాస్త్రం, విస్తరణ విద్య అనే శాఖలు వేర్వేరుగా కనిపిస్తాయి. డిగ్రీ చివరి సంవత్సరంలో విద్యార్థులు గ్రామాలలో ఉండి రైతు కుటుంబాలతో కలిసి పనిచేసే గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమం కూడా పాఠ్యక్రమంలో భాగమే. విద్యార్థి బృందాలకు భవనాలు చూపడంతో సరిపెట్టక, తమ వంటి గ్రామాల నుంచే వచ్చి అక్కడ చదువుతున్న విద్యార్థులతో అరగంటసేపు మాట్లాడే వీలు కల్పించినట్లయితే సందేహాలు వాటంతట అవే తీరుతాయి. ప్రవేశ పరీక్ష, రుసుములు, వసతిగృహం గురించి పెద్దలను అడగడానికి జంకే పిల్లలు తోటివారిని నిస్సంకోచంగా అడుగుతారు.

అధికారులు పాటించవలసిన జాగ్రత్తలు

సందర్శన తేదీని అధికారుల సౌకర్యాన్ని బట్టి గాక పంట దశను బట్టి నిర్ణయించాలి. సంకరణ పనిని పూత దశలోనే, అదీ ఉదయం వేళ చూడగలరు. అగ్గితెగులు నర్సరీ నారు దశలో, కంకి వరుసలు కోతకు ముందు చూడదగినవి. వేసవిలో కోతలైన మళ్లను చూపడం వలన ప్రయోజనం శూన్యం.

పెద్ద బృందాన్ని ఇరవై, ముప్పయి మంది చొప్పున విభజించడం మంచిది. కేంద్రక విత్తనపు మళ్లలోకి సందర్శకులను దించరాదు. ఇతర పొలాల మట్టి, గింజలు చెప్పులకు, దుస్తులకు అంటుకుని వచ్చే అవకాశం ఉన్నది. గట్టుపై నుంచే చూపించాలి. కంకులు తుంచడం, గింజలు జేబులో వేసుకోవడం నివారించాలి.

ఎవరిని తీసుకువెళుతున్నారనేది కూడా ముఖ్యమే. నాటు, కలుపు, విత్తనం శుభ్రం చేసి దాచడం వంటి పనులలో అధిక భాగం మహిళలదే. కౌలు రైతులు పట్టా లేని కారణంగా జాబితాలలో వెనుకబడుతుంటారు. ప్రతి పర్యాయం పరిచయమున్న ఆ పదిమంది రైతులే బస్సెక్కినట్లయితే సందర్శన లక్ష్యం దెబ్బతింటుంది. వ్యవసాయ సాంకేతిక యాజమాన్య సంస్థ, అనగా ‘ఆత్మ’ పథకం క్రింద రైతుల విజ్ఞాన యాత్రలకు వీలు కల్పించబడినది. కృషి విజ్ఞాన కేంద్రాలు, ఏరువాక కేంద్రాలు విశ్వవిద్యాలయానికి, గ్రామానికి మధ్య వారధులుగా ఉన్నవి. సందర్శన అనంతరం పక్షం రోజులలో రైతుల సందేహాలపై గ్రామంలోనే ఒక సమావేశం జరపడం ద్వారా చూసినది ఆచరణలోకి వస్తుంది.

పాత్రికేయులు అడగవలసిన ప్రశ్నలు

పరిశోధనా క్షేత్రంలో నమోదైన దిగుబడి గ్రామంలో యథాతథంగా రాదు. అక్కడ నీరు సకాలంలో అందుతుంది. కలుపు తీయడం ఆలస్యం కాదు. పైగా కొద్ది చదరపు మీటర్ల మడిలో వచ్చిన ధాన్యాన్ని ఎకరానికి లెక్కకట్టి చెబుతారు. కాబట్టి దిగుబడి అంకె వ్రాసేముందు మడి విస్తీర్ణం ఎంత, ఎన్ని చోట్ల పునరావృతం చేశారు, ఏ రకంతో సరిపోల్చారు, ఎన్ని సంవత్సరాలు, ఎన్ని ప్రాంతాలలో పరీక్షించారు, రైతుల పొలాలలో ఎంత వచ్చింది అనే ప్రశ్నలకు సమాధానాలు తీసుకోవడం అవసరం.

ఇంకా ముఖ్యమైనది, పరీక్షలలో ఉన్న వంగడాన్ని విడుదలైన వంగడంగా వ్రాయకపోవడం. విడుదల కాని రకం పేరు అద్భుత వంగడంగా ప్రచారమైన పక్షంలో రైతులు దానికై దుకాణాలకు వెళతారు. విశ్వవిద్యాలయం వద్ద అమ్మకానికి లేని విత్తనాన్ని అదే అంకెతో అమ్మజూపేవారికి అది అవకాశమవుతుంది. ఆ సంచిలోనిది ఏ రకమో నిర్ధారించే ట్యాగు ఉండదు, నష్టపోయిన రైతుకు ఆధారమూ ఉండదు. వార్తలో ‘ఇంకా పరీక్షల దశలో ఉన్నది, విత్తనం లభ్యం కాదు’ అనే ఒక్క వాక్యం ఈ నష్టాన్ని నివారించగలదు.

బిల్లు, ట్యాగు, సంచి

విత్తనం కొన్న ప్రతి రైతు బిల్లును, ట్యాగును, ఖాళీ సంచిని పంట ఇంటికి వచ్చేవరకు భద్రపరచుకోవాలి. బిల్లుపై రకం పేరు, లాట్ నంబరు ఉండేటట్లు చూసుకోవాలి. ఆంధ్రప్రదేశ్ రైతులకు సంబంధించిన కేసులో 2012 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పునిస్తూ, నాసిరకం విత్తనం వలన నష్టపోయిన రైతు వినియోగదారుల ఫోరంను ఆశ్రయించవచ్చునని స్పష్టం చేసినది. విత్తన చట్టం ఉన్నంత మాత్రాన వినియోగదారుల రక్షణ చట్టం క్రింద పరిహారం కోరే హక్కు పోదు. కొన్న విత్తనమంతా పొలంలో చల్లిన రైతు పరీక్ష కోసం కొంత దాచి ఉంచాలని ఆశించడం కూడా సమంజసం కాదని ఆ తీర్పు సారాంశం. అయినప్పటికీ గుప్పెడు గింజలు సంచితో పాటు దాచుకున్న రైతుకు తన వాదన నిరూపించుకోవడం సులభమవుతుంది. పొలంలో లోపం కనిపించిన వెంటనే, పంట కోయకముందే, మండల వ్యవసాయ అధికారికి వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. కోసిన తరువాత శాస్త్రవేత్తలు వచ్చి చూడగలిగినది ఏమీ మిగలదు.

కంకి వరుసలో ఒక్క తేడా మొక్క కోసం వరుస మొత్తాన్ని తొలగించడం చూసిన రైతు, దుకాణంలో ట్యాగు లేని సంచిని తీసుకోవడానికి సందేహిస్తాడు. మొలక గదిలో 400 గింజల లెక్క చూసిన విద్యార్థి ఇంటివద్ద నూరు గింజల పరీక్ష చేసి తండ్రికి చూపగలడు. ఎండిన మడి ఎందుకు ఎండిందో తెలిసిన పాత్రికేయుడు దానిని సరిగా వ్రాయగలడు. రానున్న వానాకాలానికి సందర్శనల ప్రణాళిక రూపొందించే జిల్లా అధికారులు పంట దశలకు అనుగుణంగా తేదీలను సమీప పరిశోధనా కేంద్రంతో ముందుగానే ఖరారు చేసుకుని, ప్రదర్శనశాలతో పాటు ఈ మజిలీలను కూడా కార్యక్రమంలో చేర్చవలసి ఉన్నది.